వీసాలో 'నో పబ్లిక్ ఫండ్స్' ఉన్నా కౌన్సిల్‌ని అడగొచ్చు: ఇంగ్లండ్‌లో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు సెక్షన్ 17 మార్గదర్శి

ఈస్ట్ హామ్‌లో ఒక అద్దె ఇంటి వంటగది. టేబుల్ మీద చల్లారిపోయిన టీ, పక్కన ల్యాప్‌టాప్‌లో ఈవీసా పేజీ. ఆమె 2023లో కేర్ వర్కర్ వీసా మీద కుటుంబంతో వచ్చింది. కంపెనీ స్పాన్సర్ లైసెన్స్ పోయింది, మూడు నెలలుగా జీతం లేదు. భర్త డెలివరీ పనికి వెళ్తున్నాడు గానీ ఆ వచ్చేది అద్దెలో సగానికి కూడా చాలట్లేదు. ఇల్లు ఖాళీ చేయమని ఓనరు పెట్టిన గడువు ఇంకా పది రోజులుంది. ఆరేళ్ల పాప పక్క గదిలో కార్టూన్లు చూస్తోంది.

"కౌన్సిల్‌కి ఫోన్ చేద్దాం అమ్మా" అన్నాను.

ఆమె స్క్రీన్ మీద ఒక లైన్ దగ్గర వేలు పెట్టింది. "మనకి నో పబ్లిక్ ఫండ్స్ కదన్నా. అడిగితే వీసా తీసేస్తారంట కదా?"

ఈ భయం మన వాళ్లలో బాగా పాతుకుపోయింది. నాలుగు చోట్ల చేబదుళ్లు తీసుకుని, ఊళ్లో బంగారం తాకట్టు పెట్టించి, రేపు రోడ్డున పడతామనగా అప్పుడు ఎవరికో ఒకరికి చెబుతారు. అప్పటికి చేయగలిగింది తక్కువ. అందుకే మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. ఇలాంటి కుటుంబాలకి తోడుగా వెళ్లి మాట సాయం చేసినవాణ్ణి, అంతే.

ఆ లైన్‌కి అసలు అర్థం

ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో 'పబ్లిక్ ఫండ్స్' అంటే ఒక లిస్టు. ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి పౌండూ అందులోకి రాదు. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, పెన్షన్ క్రెడిట్, పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్, కౌన్సిల్ ఇల్లు, ఇల్లు లేనివాళ్లకి హౌసింగ్ విభాగం ఇచ్చే వసతి, ఇవన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. వీటి జోలికి వెళ్లకండి. తీసుకుంటే వీసా షరతు తప్పినట్టే. బిడ్డ పుట్టాక చైల్డ్ బెనిఫిట్ ఫారం చేతికి రావడం, అందరూ నింపుతున్నారు కదా అని మనమూ నింపేయడం ఎక్కువగా జరిగే పొరపాటు.

లిస్టులో లేనివి కూడా చాలా ఉన్నాయి. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం, పిల్లల ప్రభుత్వ బడి, ఉద్యోగం చేసేవాళ్లకి వచ్చే స్టాట్యుటరీ సిక్ పే, మెటర్నిటీ పే, మెటర్నిటీ అలవెన్స్ పబ్లిక్ ఫండ్స్ కావు. కౌన్సిల్ ట్యాక్స్‌లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకిచ్చే 25 శాతం తగ్గింపు, ఫుల్ టైమ్ స్టూడెంట్ల మినహాయింపు కూడా కావు. సోషల్ సర్వీసెస్ వాళ్లు సెక్షన్ 17 కింద పిల్లలున్న కుటుంబానికిచ్చే సాయం కూడా ఆ లిస్టులో లేదు. కాబట్టి దాన్ని అడిగినా, తీసుకున్నా వీసా షరతు తప్పినట్టు కాదు.

ఒకే కౌన్సిల్ భవనంలో రెండు కౌంటర్లు ఉంటాయనుకోండి. హౌసింగ్ కౌంటర్ మీకు మూసి ఉంది. చిల్డ్రన్స్ సర్వీసెస్ కౌంటర్ తెరిచే ఉంది. చాలామంది మొదటిదాని దగ్గరికి వెళ్లి, లేదనిపించుకుని, మొత్తం కౌన్సిలే లేదన్నదనుకుని తిరిగొచ్చేస్తారు.

సెక్షన్ 17 ఏమంటుంది

ఇది 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్‌లోది. తన పరిధిలో అవసరంలో ఉన్న పిల్లల క్షేమం చూడటం, వీలైనంతవరకు వాళ్లు సొంత కుటుంబంతోనే పెరిగేలా సాయపడటం కౌన్సిల్ బాధ్యత అంటుంది. ఆ సాయం వసతి కావచ్చు, వస్తువులు కావచ్చు, నగదు కావచ్చు. పిల్లల వయసు 18 లోపు ఉండాలి. ఉండటానికి చోటు లేకపోయినా, తిండికి లేకపోయినా ఆ పిల్లలు 'చైల్డ్ ఇన్ నీడ్' కిందికి వస్తారు.

దారంతా పిల్లల మీదుగానే నడుస్తుంది. "మాకు అద్దె కట్టండి" అంటే కాదనడం వాళ్లకి తేలిక. "ఫలానా తారీఖు నుంచి మా పాపకి పడుకోవడానికి చోటు లేదు, ఈ వారం దాటితే తిండికి డబ్బు లేదు, పాప అవసరాలు అంచనా వేయండి" అంటే వాళ్లు పట్టించుకోక తప్పదు. మీరు అడుగుతున్నది డబ్బు కాదు, అంచనా. దాన్ని అసెస్‌మెంట్ అంటారు. డబ్బూ ఇల్లూ ఆ తరవాతి మాట.

ఒక నిజం ముందే చెప్పాలి. ఈ సెక్షన్ కౌన్సిల్ మీద పెట్టిన సాధారణ బాధ్యతే గానీ, ప్రతి కుటుంబానికీ ఇల్లు ఇచ్చి తీరాలన్న హక్కు కాదు. బార్నెట్ కౌన్సిల్ కేసులో 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో దేశంలో అత్యున్నత కోర్టు) ఈ మాటే చెప్పింది. అయినా అంచనా వేయకుండా, కారణం చెప్పకుండా ఫోన్‌లోనే పంపేయడం కుదరదు. మన బలం అక్కడే ఉంది.

స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లో ఇలాంటి ఏర్పాటే వేరే చట్టాల కింద ఉంది. స్కాట్లాండ్‌లో 1995 చట్టం సెక్షన్ 22, వేల్స్‌లో 2014 చట్టం. ఇక్కడి వివరాలు మాత్రం ఇంగ్లండ్‌వి.

అడిగే ముందు: మీ వీసా ఏ స్థితిలో ఉంది

వీసా గడువు ఉంటే, అది స్టూడెంట్ అయినా, డిపెండెంట్ అయినా, స్కిల్డ్ వర్కర్ అయినా, గ్రాడ్యుయేట్ అయినా, సెక్షన్ 17 అంచనాకి అడ్డేమీ లేదు. స్పాన్సర్ లైసెన్స్ రద్దయినవాళ్లకి కూడా హోం ఆఫీస్ ఉత్తరం వచ్చి, అందులో చెప్పిన గడువు ముగిసేదాకా వీసా ఉన్నట్టే. ఆ గడువు మామూలుగా 60 రోజులు, వీసా అంతకంటే ముందే ముగుస్తుంటే అప్పటిదాకానే. గడువు లోపల కొత్త అప్లికేషన్ పెడితే, నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులే కొనసాగుతాయి.

వీసా అయిపోయి, ఏ అప్లికేషనూ లేకుండా ఉండిపోయినవాళ్ల సంగతి వేరు. 2002 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం షెడ్యూల్ 3 ప్రకారం కౌన్సిల్ ముందు ఒక ప్రశ్న వేసుకుంటుంది: ఈ కుటుంబం ఇండియాకి వెళ్లిపోగలదా, సాయం ఇవ్వకపోతే మానవ హక్కులకి భంగం కలుగుతుందా? ఇలాంటివాళ్ల గురించి హోం ఆఫీస్‌కి తెలియజేయాల్సిన బాధ్యత కూడా కౌన్సిల్‌కి ఉంది. అప్లికేషన్ పెండింగ్‌లో ఉంటే మాత్రం 2010 నాటి క్లూ కేసు తీర్పు పనికొస్తుంది. ఆ అప్లికేషన్ బొత్తిగా నిలబడనిదైతే తప్ప, 'మీ దేశానికి వెళ్లిపోండి' అని సాయం ఆపకూడదని అప్పీల్ కోర్టు అందులో చెప్పింది. ఈ గుంపులో ఉన్నవాళ్లు కౌన్సిల్‌కి వెళ్లకముందే ఇమ్మిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడాలి.

సలహాదారు అన్నాను కదా అని వాట్సాప్‌లో తిరిగే కన్సల్టెన్సీ నంబరు పట్టుకోకండి. ఇక్కడ ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సొలిసిటర్ లాంటి లాయరై ఉండాలి, లేదా ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదై ఉండాలి. 2025 జనవరి దాకా ఆ సంస్థ పేరు ఓఐఎస్‌సీ. నమోదైనవాళ్ల లిస్టు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంది, పేరు కొట్టి చూసుకోవచ్చు.

కౌన్సిల్ మీ వీసా వివరాలు హోం ఆఫీస్‌తో సరిచూసుకుంటుందా? చూసుకుంటుంది. అందుకని లేనిది చెప్పొద్దు. వీసా ఉన్నవాళ్లకి ఆ చెకింగ్ వల్ల టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

మొదటి అడుగు: ఏ కౌన్సిల్

పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో ఆ కౌన్సిల్. లండన్‌లో అయితే బరో: ఈస్ట్ హామ్ వాళ్లకి న్యూహామ్, ఇల్ఫర్డ్ వాళ్లకి రెడ్‌బ్రిడ్జ్. స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్, లూటన్, లెస్టర్ లాంటి చోట్ల ఒకే కౌన్సిల్ అన్నీ చూస్తుంది. కెంట్, ఎసెక్స్ లాంటి కౌంటీల్లో రెండు అంచెలు ఉంటాయి. చెత్త, కౌన్సిల్ ట్యాక్స్ చూసేది డిస్ట్రిక్ట్, పిల్లల సేవలు చూసేది కౌంటీ. కాంటర్‌బరీలో ఉంటే కాంటర్‌బరీ కౌన్సిల్‌కి కాదు, కెంట్ కౌంటీ కౌన్సిల్‌కి ఫోన్ చేయాలి. బర్మింగ్‌హామ్‌లో ఈ పని కౌన్సిల్ తరఫున బర్మింగ్‌హామ్ చిల్డ్రన్స్ ట్రస్ట్ చేస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే మీ కౌన్సిల్ పేరు వచ్చేస్తుంది.

ఇల్లు పోయి స్నేహితుల దగ్గర వేరే బరోలో తలదాచుకుంటుంటే రెండు కౌన్సిళ్లు ఒకరి మీద ఒకరు తోసుకుంటాయి. పిల్లలు ఈ రాత్రి ఎక్కడ నిద్రపోతున్నారు, బడి ఎక్కడ, రెండూ చెప్పండి. వాళ్లలో వాళ్లు తేల్చుకునేదాకా పిల్లల అంచనా ఆగకూడదు.

రెండో అడుగు: కాగితాలు

అన్నీ సమకూరేదాకా ఫోన్ ఆపొద్దు. ఫోన్ చేశాక కూడా కాగితాలు పంపొచ్చు. కానీ ఇవి ఎలాగూ అడుగుతారు: అందరి పాస్‌పోర్టులు, ఈవీసా షేర్ కోడ్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బడి పేరు, అద్దె ఒప్పందం, ఓనరు ఖాళీ చేయమన్న ఉత్తరం లేదా మెసేజ్, ఉద్యోగం పోయినట్టు ఏదైనా రుజువు, అప్పుల వివరాలు, భార్యాభర్తలిద్దరి అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు. కొన్ని నెలలవి అడుగుతారు, ఆరు నెలలవి చేతిలో ఉంచుకోండి.

ఖాళీ చేయమన్నారు కదా అని ముందే సర్దుకుని బయటికి వచ్చేయకండి. మీరు విడిగా అద్దెకుంటుంటే కోర్టు ఆర్డర్ లేకుండా ఓనరు బలవంతంగా పంపలేడు. ఓనరుతో కలిసి అదే ఇంట్లో ఒక గదిలో ఉంటే మాత్రం ఆ రక్షణ తక్కువ, తగినంత గడువిచ్చి పంపేయొచ్చు.

బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గరే అసలు కథ ఉంటుంది. ఈస్ట్ హామ్ వంటగదికి మళ్లీ వెళ్దాం. ప్రింట్లు తీసి, పసుపు హైలైటర్ పట్టుకుని లైన్ లైన్ చూశాం. మార్చిలో ఒకేసారి 900 పౌండ్లు వచ్చాయి. "ఇదేంటమ్మా?" అంటే, "చీటీ పాడానన్నా." పది మంది ఆడవాళ్లు నెలకి తలా వంద వేసే చీటీ. సోషల్ వర్కర్‌కి చీటీ అంటే ఏం తెలుస్తుంది? ఆ కళ్లకి అది దాచిన ఆదాయం. ఒక తెల్లకాగితం మీద రాశాం: చీటీ అంటే ఇది, నెలనెలా వంద పోయిన తేదీలు ఇవి, వచ్చిన 900 అద్దె బాకీకి పోయిన లైన్ ఇది. ఇంకో చోట స్నేహితురాలి దగ్గర నుంచి 150 వచ్చింది. అది చేబదులు. ఆ అమ్మాయి చేత రెండు వాక్యాల మెయిల్ తెప్పించాం: అప్పుగా ఇచ్చాను, ఇక ఇవ్వలేను.

ప్రతి నెలా ఇండియాకి వెళ్లిన డబ్బు గురించి తప్పకుండా అడుగుతారు. చదువు లోన్ ఈఎంఐ అయినా, అత్తగారి మందులైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇండియాలోని ఖాతా, ప్లాటు, తాకట్టులో ఉన్న బంగారం గురించి అడిగినా అంతే. తాకట్టు రసీదు ఫొటో ఉంటే ఇంకా మంచిది. దాచిన ఒక్క ఖాతా బయటపడితే మిగతా నిజాలన్నీ అబద్ధాల్లాగే కనిపిస్తాయి. కేసు పాడవడానికి ఇంతకంటే దగ్గరి దారి నేను చూడలేదు.

మూడో అడుగు: ఫోన్, ఆ వెంటనే మెయిల్

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో 'చిల్డ్రన్స్ సోషల్ కేర్' నంబరు వెతకండి. కొన్ని చోట్ల దాన్ని 'మ్యాష్' అంటారు, కొన్ని చోట్ల 'ఫ్రంట్ డోర్' అంటారు. సాయంత్రం ఆఫీసు మూసేశాక, శని ఆదివారాల్లో 'ఎమర్జెన్సీ డ్యూటీ టీమ్' ఉంటుంది. ఈ రాత్రికి చోటు లేకపోతే చేయాల్సింది ఆ నంబరుకే. బడిలో టీచరు, జీపీ (మీ ఏరియా డాక్టరు), హెల్త్ విజిటర్ (చిన్నపిల్లల్ని చూసే నర్సు) కూడా మీ తరఫున రిఫర్ చేయొచ్చు. బడి నుంచి వెళ్లిన రిఫరల్‌కి బరువు ఎక్కువ. సిగ్గుపడకుండా హెడ్ టీచర్‌తో మాట్లాడమని నేను మొదట చెప్పేది అందుకే. పరువు పోతుందనుకుంటాం గానీ, బడి వాళ్లు ఇలాంటివి చాలా చూసి ఉంటారు.

ఫోన్‌లో వాడాల్సిన మాట ఒకటే: 'చైల్డ్ ఇన్ నీడ్ అసెస్‌మెంట్ అండర్ సెక్షన్ 17'. హోమ్‌లెస్ అనే మాటతో మొదలుపెడితే హౌసింగ్‌కి బదిలీ చేస్తారు, అక్కడ మళ్లీ నో పబ్లిక్ ఫండ్స్ అంటారు. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటి నిమిషంలోనే అడగండి. ఏర్పాటు వాళ్లదే, మీరు డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల చేత మాత్రం చెప్పించకండి. ఎనిమిదేళ్ల పిల్లాడు "మా దగ్గర తిండికి డబ్బుల్లేవు" అని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి రావడం ఎంత బాధో చూసినవాళ్లకి తెలుస్తుంది.

ఫోన్ పెట్టేయగానే మెయిల్ పంపండి. అందులో ఉండాల్సినవి: పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, బడి, ఎప్పటి నుంచి చోటు ఉండదో ఆ తారీఖు, చేతిలో ఇవాళ ఎంత ఉంది, ఇన్నాళ్లూ ఎవరు ఆదుకున్నారు, ఇప్పుడు ఎందుకు కుదరదు, పిల్లల ఆరోగ్యం, మందులు, చదువు మీద దీని ప్రభావం, సెక్షన్ 17 అంచనా, అది తేలేదాకా తాత్కాలిక వసతి, ఖర్చులు కావాలన్న అభ్యర్థన. ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు, టైమ్ కూడా రాయండి. తరవాత లాయరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ మెయిలే మొదటి రుజువు.

ఇంట్లో గర్భిణి ఉంటే అది మొదటి వాక్యంలోనే చెప్పండి. హింస ఉంటే కూడా. దాని సంగతి కింద విడిగా రాశాను.

నాలుగో అడుగు: అంచనా

రిఫరల్ అందిన ఒక పని దినంలో ఏం చేయాలో సోషల్ వర్కర్ తేల్చాలి. పూర్తి అంచనాకి గరిష్ఠంగా 45 పని దినాలు. ఇది ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న లెక్క. రోడ్డున పడే కుటుంబం 45 రోజులు ఆగలేదు కాబట్టి, ఈలోగా అత్యవసర సాయం ఇవ్వొచ్చు. అది మీరే అడగాలి.

సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఫ్రిజ్ తెరిచి చూడొచ్చు, పిల్లలతో విడిగా మాట్లాడొచ్చు, బడికి ఫోన్ చేయొచ్చు. ఇదంతా మామూలే. మన ఇళ్లలో అతిథి వస్తే ఇల్లు సర్దేసి, ఎక్కడి నుంచో బిస్కెట్లు తెచ్చి పెడతాం, "అంతా బాగానే ఉందండీ" అంటాం. ఆ రోజు మాత్రం ఆ అలవాటు పక్కన పెట్టండి. ఖాళీగా ఉన్న బియ్యం డబ్బా ఖాళీగానే కనపడనివ్వండి.

తరచూ వచ్చే ప్రశ్న: ఇన్నాళ్లూ ఎలా బతికారు? "ఏదో అలా గడిచింది" అనకండి. నెలలవారీగా చెప్పండి: జనవరిదాకా జీతం, ఫిబ్రవరిలో పొదుపు, మార్చిలో చీటీ, ఏప్రిల్ నుంచి అప్పు. భర్తో భార్యో పనికి ఎందుకు వెళ్లట్లేదని అడుగుతారు. డిపెండెంట్లకి దాదాపు ఏ పనైనా చేసే హక్కు ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. వెతికిన ఉద్యోగాల స్క్రీన్‌షాట్లు, వచ్చిన పే స్లిప్పులు చూపించండి.

ఐదో అడుగు: ఏం ఇస్తారు

గొప్పగా ఊహించుకోకండి. చాలాసార్లు ఒకే గది, బీ అండ్ బీ లేదా షేర్డ్ ఇల్లు, అదీ వేరే బరోలో. ఈస్ట్ హామ్ పాపకి బడి రెండు బస్సుల దూరం అయింది. ప్రయాణ ఖర్చు అడిగితే ఇచ్చారు, అడగకపోతే ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఖర్చులకి వారానికింత అని ప్రీపెయిడ్ కార్డులోనో ఖాతాలోనో వేస్తారు.

మొత్తం ఎంత అనేది దేశమంతటా ఒకటే రేటు కాదు. పిల్లల అవసరాన్ని బట్టి తేల్చాలి గానీ అందరికీ ఒకే అంకె అంటగట్టకూడదని కోర్టులు చెప్పాయి. సౌత్‌వార్క్ కౌన్సిల్ కేసులో 2016లో అప్పీల్ కోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో తరచూ వినిపిస్తుంది. చాలకపోతే ఖర్చుల పట్టీ రాసి ఇవ్వండి: పాలు, డయపర్లు, బస్సు, ఫోన్ డేటా, బడి యూనిఫాం, చలికాలం కోటు. 'చాలట్లేదు' అనే మాటకంటే పట్టీకి విలువ ఎక్కువ.

వద్దంటే

ఫోన్‌లో వినిపించే 'కాదు'లకి కొన్ని మూసలు ఉన్నాయి.

"మీకు నో పబ్లిక్ ఫండ్స్, మేమేం చేయలేం." సెక్షన్ 17 పబ్లిక్ ఫండ్స్ లిస్టులో లేదు అని మర్యాదగా చెప్పండి, మెయిల్‌లోనూ రాయండి.

"టికెట్లు కొనిస్తాం, ఇండియా వెళ్లండి." వెళ్లాలని మీకే ఉంటే అది మంచి సాయమే, దాన్ని తప్పుగా చూడక్కర్లేదు. కొన్ని కుటుంబాలకి అదే సరైన దారి. కానీ వీసా ఉన్నవాళ్లని షెడ్యూల్ 3 పేరు చెప్పి పంపడం కుదరదు. ఆలోచించుకోవడానికి టైమ్ అడగండి, అక్కడికక్కడ సంతకం పెట్టకండి.

"పిల్లల్ని మాత్రం తీసుకుంటాం, మీ ఏర్పాటు మీరు చూసుకోండి." ఈ మాట విని అమ్మలు ఫోన్ కట్ చేసి మళ్లీ ఎప్పటికీ చేయరు. భయపెట్టడానికి అన్నా, నిజంగానే అన్నా, సంగతి ఇదీ: పిల్లల్ని అలా వసతిలో ఉంచుకోవడం సెక్షన్ 20 కింద జరుగుతుంది. తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే, వేరే చోట చూసుకోగలిగితే, అది మామూలుగా కుదరదు. బలవంతంగా తీసుకోవాలంటే పిల్లలకి తీవ్రమైన హాని ఉందని చూపించాలి, దానికి వేరే చట్టపు దారి ఉంది. డబ్బు లేకపోవడం పిల్లల్ని సరిగా చూసుకోకపోవడం కాదు. "నేను ఒప్పుకోవట్లేదు, మేమంతా కలిసి ఉండేలా చూడండి, మీ నిర్ణయం కారణాలతో రాసి ఇవ్వండి" అని ప్రశాంతంగా అనండి.

చివరి వాక్యం ప్రతి 'కాదు'కీ పనికొస్తుంది. రాసి ఇవ్వమంటే కొన్నిసార్లు నిర్ణయమే మారిపోతుంది.

మారకపోతే కమ్యూనిటీ కేర్ చట్టం చూసే సొలిసిటర్ దగ్గరికి వెళ్లాలి. ఆదాయం తక్కువున్నవాళ్లకి ఈ పనికి లీగల్ ఎయిడ్ ఉంది, మీ వీసా దానికి అడ్డు కాదు. సొలిసిటర్ ముందు కౌన్సిల్‌కి హెచ్చరిక ఉత్తరం రాస్తారు. చాలా కేసులు ఆ ఉత్తరంతోనే కదులుతాయి. కదలకపోతే జుడీషియల్ రివ్యూ, అంటే కౌన్సిల్ నిర్ణయం చట్టప్రకారం ఉందో లేదో చూడమని కోర్టుని అడగడం. దానికి గడువు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ మూడు నెలల లోపు. కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు చూసే ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే దారి కూడా ఉంది గానీ అది నెమ్మది. రేపు రాత్రికి చోటు కావాల్సినవాళ్లకి పనికిరాదు. సొలిసిటర్ని ఎలా పట్టుకోవాలో తెలియకపోతే సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్, ప్రాక్సిస్, ప్రాజెక్ట్ 17 లాంటి సంస్థల దగ్గర మొదలుపెట్టండి. చివరిదాని పేరే ఈ సెక్షన్ నుంచి వచ్చింది.

ఇంట్లో హింస ఉంటే

"వీసా ఆయన పేరు మీద ఉంది కదా, ఎక్కడికి పోతాను" అనే మాట మన ఆడవాళ్ల నోట విన్నాను. స్టూడెంట్ లేదా వర్కర్ డిపెండెంట్‌గా వచ్చినవాళ్లకి కూడా ఒక దారి ఉంది: మైగ్రెంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూజ్ కన్సెషన్. దీని కింద మూడు నెలల అనుమతి వస్తుంది, ఆ మూడు నెలలూ పబ్లిక్ ఫండ్స్ తీసుకోవచ్చు. అయితే డిపెండెంట్ వీసా దానితో పోతుంది, ఆ మూడు నెలల తరవాత ఏంటన్నది ముందే ఆలోచించాలి. అందుకే అప్లై చేసే ముందే ఇమ్మిగ్రేషన్ సలహా తీసుకోండి. పిల్లలుంటే సెక్షన్ 17 దారి కూడా తెరిచే ఉంటుంది. నేషనల్ డొమెస్టిక్ అబ్యూజ్ హెల్ప్‌లైన్ 0808 2000 247, ఉచితం, 24 గంటలూ ఉంటుంది. ప్రమాదం ఎదురుగా ఉంటే 999.

ఈలోగా అడగకుండా వదిలేసేవి

బడి భోజనం. రిసెప్షన్ నుంచి ఇయర్ 2 దాకా ప్రభుత్వ బడిలో అందరు పిల్లలకీ ఉచితం. లండన్‌లో 2023 సెప్టెంబరు నుంచి ప్రైమరీ మొత్తానికీ. ఆపై తరగతుల పిల్లలకి కూడా నో పబ్లిక్ ఫండ్స్ కుటుంబాలైతే ఆదాయం తక్కువుంటే ఇస్తారు. 2022లో పెట్టిన పరిమితి ఒక పిల్లవాడున్న ఇంటికి లండన్ బయట ఏడాదికి 22,700 పౌండ్లు, లండన్‌లో 31,200. బడి ఆఫీసులో అడగండి, కొన్ని బడులకి ఈ సంగతి మీరే చెప్పాల్సి వస్తుంది.

జీపీ దగ్గర నమోదుకి అడ్రస్ ప్రూఫ్ గానీ వీసా గానీ అక్కర్లేదు. మందుల ఖర్చుకి హెచ్‌సీ1 ఫారం నింపితే, ఆదాయాన్ని బట్టి మాఫీ వస్తుంది. ఫుడ్ బ్యాంకులో వీసా అడగరు, బడి నుంచో సిటిజన్స్ అడ్వైస్ నుంచో వోచరు చాలు. గురుద్వారాల్లో లంగర్ అందరిదీ. స్టూడెంట్లయితే యూనివర్సిటీ హార్డ్‌షిప్ ఫండ్ గురించి స్టూడెంట్ యూనియన్‌లో అడగండి, అది యూనివర్సిటీ సొంత డబ్బు.

బ్రిటిష్ పౌరుడినో సెటిల్ అయినవాళ్లనో పెళ్లి చేసుకుని భాగస్వామి వీసా మీద ఉన్నవాళ్లు, ఆ 'నో పబ్లిక్ ఫండ్స్' షరతునే తీసేయమని హోం ఆఫీస్‌ని అడగొచ్చు. దాన్ని చేంజ్ ఆఫ్ కండిషన్స్ అంటారు. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ రూట్లలో ఉన్నవాళ్లకి ఆ దారి మామూలుగా తెరుచుకోదు. పిల్లలు లేని పెద్దవాళ్లకి సెక్షన్ 17 వర్తించదు. జబ్బు వల్లో వైకల్యం వల్లో సంరక్షణ అవసరమైతే కేర్ యాక్ట్ 2014 కింద అంచనా అడగొచ్చు.

సాయం మొదలయ్యాక, ఆగేటప్పుడు

సోషల్ వర్కర్ అప్పుడప్పుడూ సమీక్ష చేస్తారు. ఫోన్ నంబరు మారినా, ఉద్యోగం వచ్చినా, హోం ఆఫీస్ నుంచి ఉత్తరం వచ్చినా వెంటనే చెప్పండి. చిన్న పని దొరికితే సాయం పోతుందని దాచేవాళ్లున్నారు. ఆ జీతం ఖాతాలో పడ్డ రోజే తెలిసిపోతుంది.

కేర్ వర్కర్లకి ఒక మాట. 2025 ఏప్రిల్ 9 నుంచి ఇంగ్లండ్‌లో కేర్ కంపెనీలు విదేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకునే ముందు, ఇక్కడే స్పాన్సర్ కోల్పోయినవాళ్లని తీసుకోవడానికి ప్రయత్నించాలని నియమం వచ్చింది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే దారే మూసేశారు. ఇంటర్వ్యూలో మీ పరిస్థితి దాచుకోనక్కర్లేదు.

ఈస్ట్ హామ్ అమ్మాయికి ఉత్తరంలోని 60 రోజులు ముగియకముందే ఇంకో కేర్ హోమ్ దొరికింది. అప్లికేషన్ పెట్టింది, అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది. పనిలో చేరే తారీఖు చెప్పగానే, ఆ రోజు నుంచి సాయం ఆపేస్తామని కౌన్సిల్ మెయిల్ పంపింది. మళ్లీ వంటగదిలో కూర్చున్నాం, ఈసారి వేరే వంటగది, మూడు కుటుంబాలు వాడే స్టవ్. నాలుగే వాక్యాలు రాశాం: జీతం నెలాఖరుకి వస్తుంది, ఆ లోపు ఇది ఆపేస్తే పాపకి మళ్లీ అదే పరిస్థితి, గది అద్దెకి అడ్వాన్స్ కట్టాలి, మొదటి పే స్లిప్ వచ్చేదాకా కొనసాగించండి, పే స్లిప్ వచ్చిన రోజే పంపిస్తాం. ఐదు వారాలు పొడిగించారు.